కారుకు అభిషేకం

బైరాగిపట్టెడ,
తిరుపతి.

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాత ఆశీస్సులు.

మొన్న ఆదివారం కొండకు బయలుదేరే ముందు నేను బానెట్ ఎత్తి, కిచకిచమంటున్న ఇంజన్ బెల్టు మీద గ్లాసుతో నీళ్లు చిలకరిస్తుంటే, "తాత కారుకు అభిషేకం చేస్తున్నాడు" అని ఇద్దరూ పడీపడీ నవ్వారు. చిన్నా ఒక్కడే "నీళ్లు పడగానే ఆ కిచకిచ ఎందుకు ఆగింది? ఆగింది మళ్లీ ఎందుకు మొదలైంది?" అని అడిగాడు. మీ అవ్వ తొందరపెట్టడంతో జవాబు చెప్పలేదు. కారు ఇంట్లోనే వదిలి సప్తగిరి బస్సు ఎక్కించానని మీరు మూతి ముడుచుకున్నారు కూడా. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తాను.

ఇంజన్‌కు ఒక పక్కన నాలుగైదు పుల్లీలు ఉంటాయి. మన ఊళ్లో బావి గిలక చూశారు కదా, అలాంటివే. వాటిలో అడుగున ఉన్నదాన్ని ఇంజన్ తిప్పుతుంది. మిగతావన్నీ దాన్ని నమ్ముకున్నవి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, చాలా బండ్లలో వాటర్ పంపు కూడా. ఆల్టర్నేటర్‌ను మా షెడ్డు వాళ్లు ఇప్పటికీ డైనమో అనే అంటారు, నా నోటికీ అదే వస్తుంది. వీటన్నిటినీ చుట్టుకుని ఒక నల్ల రబ్బరు పట్టీ తిరుగుతుంది. అదే బెల్టు. దాని లోపలి వైపు పొడుగునా సన్నటి గట్లు ఉంటాయి, అవి పుల్లీ గాళ్లలో సరిగ్గా కూర్చోవాలి.

బుజ్జీ, నువ్వు వయొలిన్ కమానుకు రోజిన్ బంక రుద్దుతావు కదా. ఎందుకు? రోజిన్ తీగను పట్టుకుంటుంది, కాస్త లాగుతుంది, జారిపోతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఈ పట్టడం, జారడం సెకనుకు కొన్ని వందలసార్లు జరిగితే మనకు స్వరంగా వినిపిస్తుంది. బెల్టు కూడా పుల్లీ మీద అదే పని చేస్తుంది. తేడా ఒకటే, నీ వయొలిన్ వింటే మీ అవ్వ కళ్లు మూసుకుంటుంది, బెల్టు వింటే చెవులు మూసుకుంటుంది.

అయితే అరిచేది బెల్టు అయినా తప్పు బెల్టుది కాకపోవచ్చు. అది వదులై జారుతూ ఉండొచ్చు. లేదా ఏదో ఒక పుల్లీ వంకరగా ఉండి, బెల్టు గాడిలోకి దిగే ప్రతిసారీ అంచును రాసుకుంటూ ఉండొచ్చు. గ్లాసెడు నీళ్లు ఈ రెండిటినీ విడదీస్తాయి. వదులు బెల్టు మీద నీళ్లు పడితే ఉన్న కాస్త పట్టూ పోతుంది, ఇంకా గట్టిగా అరుస్తుంది. వంకర వల్ల అయితే నీళ్లు నూనెలా పనిచేసి రాపిడిని తగ్గిస్తాయి, చప్పుడు ఆగుతుంది. తడి ఆరగానే మళ్లీ మొదలు. చిన్నా, నువ్వు చూసింది ఈ రెండోది.

నీళ్లు పోయకుండా చెవితోనే కొంత పట్టుకోవచ్చు. వదులు బెల్టు "కీ...చ్" అని సాగదీస్తుంది, అదీ చలి పొద్దున స్టార్ట్ చేయగానే. అప్పుడే ఎందుకంటే, స్టార్టర్ మోటారు బ్యాటరీలోంచి ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగేసి ఉంటుంది. దాన్ని తిరిగి నింపడానికి డైనమో బరువెక్కుతుంది, బెల్టు లాగలేక జారుతుంది. బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర మీటరు పెడితే సుమారు 12.5 వోల్టులు చూపిస్తుంది. ఇంజన్ తిరుగుతుంటే 14 దగ్గరికి రావాలి, రాకపోతే బెల్టు జారుతోందేమోనని అనుమానించాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేయగానే అరుపు పెరిగితే అనుమానం ఇంకా బలపడుతుంది. వంకర బెల్టు అలా కాదు, పిచ్చుక పిల్లలా "కిచ్ కిచ్ కిచ్" అని తాళం వేస్తుంది.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చింది కాదు. షెడ్డు పెట్టిన కొత్తలో పుత్తూరు నుంచి ఒకాయన అంబాసిడర్ తెచ్చాడు. బెల్టు అరుస్తోంది, మార్చాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు, ఇంకోటి మార్చాను. మూడోసారి వచ్చేసరికి మా గురువుగారు షెడ్డులోనే ఉన్నారు. ఆయన ఏమీ అనకుండా ఒక దారం తీసుకుని రెండు పుల్లీల ముఖాల మీదుగా బిగించి పట్టారు. డైనమో ఒక వాషరు మందం ముందుకు వచ్చి ఉంది. అంతకుముందు దాన్ని విప్పి బిగించినప్పుడు ఆ వాషరు ఎక్కువ వేసింది నేనే. రెండో బెల్టు డబ్బులు వెనక్కిచ్చాను, మొదటిదానివి ఇవ్వలేదు. ఇవ్వాల్సింది.

పిండిమిషన్‌లో పాతకాలం వెడల్పు బెల్టులు జారితే రోజిన్ ముద్ద రుద్దేవాళ్లు. ఆ అలవాటుతోనే ఇప్పుడు కారు బెల్టుకు కొట్టే స్ప్రేలు అమ్ముతున్నారు. నాకు అవి గిట్టవు. రెండు రోజులు నోరు మూయిస్తాయి, తర్వాత దుమ్ము అంటుకుని గాళ్లు పూడిపోతాయి, అసలు తప్పు అలాగే ఉంటుంది.

ఇక మన కారు సంగతి. మీరు అమ్మతో చిత్తూరు బస్సెక్కాక, సోమవారం నేనూ మీ నాన్నా కూర్చున్నాం. మీ నాన్న అప్పటికే కొత్త బెల్టు కొనేశాడు, వాడికి తొందర ఎక్కువ. పాత బెల్టు తీసి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూశాను. డైనమో నున్నగా తిరిగింది, వాటర్ పంపు కూడా. ఐడ్లర్ దగ్గరికి వచ్చేసరికి "గరగర"మంది, పట్టుకుని ఊపితే ఊగింది. ఐడ్లర్ అంటే బెల్టుకు దారి చూపించే ప్లాస్టిక్ చక్రం. దాని బేరింగ్‌లో గ్రీజు ఎండిపోయి, చక్రం ఒక పక్కకు వాలింది. ఆ వాలుకే బెల్టు వంకరపోయింది.

అందుకే ఆ రోజు కొండకు వద్దన్నాను. అలిపిరి నుంచి పైకి సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు. మధ్యలో ఆ బేరింగ్ బిగుసుకుపోతే బెల్టు తెగుతుంది, ముందు డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలుగుతుంది. వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటే ఇంజన్ ఉడికిపోతుంది. ఎప్పుడైనా ఆ ఎర్ర బొమ్మ కనిపించి, వేడి ముల్లు కూడా పైకి లేస్తుంటే నాన్నతో చెప్పి బండి పక్కకు ఆపించండి. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులోనే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురెదురుగా వెళ్లే రోజుల్లో, మలుపు మలుపుకీ పొగలు కక్కే బండ్లను చూశాను నేను.

ఐడ్లర్ ఒక్కటే మార్చి, పాత బెల్టునే మళ్లీ వేశాను. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. మునుపటి వాటిలా తొందరగా పగుళ్లు రావు, టైరులా గట్లు అరుగుతాయి. అందుకని కంటికి బాగున్నా బొటనవేలితో లోతు తడిమి చూడాలి. దీనికి ఇంకా ఆయుష్షు ఉంది.

నా కుడిచేతి వంకర గోరు గురించి బుజ్జి ఎన్నిసార్లు అడిగిందో. తిరుగుతున్న బెల్టు పక్కన భుజం మీద తువ్వాలుతో వంగాను. బెల్టు తువ్వాలును లాక్కుంది, తువ్వాలు నా చేతిని లాక్కుంది. గోరుతో పోయింది. కాబట్టి నీళ్లు పోసే పని పెద్దవాళ్లది, మీరు రెండడుగులు వెనక నిలబడి వినండి. బుజ్జీ, జడ, చున్నీ జాగ్రత్త. ఇంజన్ ఆపి తాళంచెవి తీసినా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, అక్కడ వేలు పెట్టొద్దు.

ఈ ఉత్తరం మీ నాన్న చేతికే ఇచ్చి పంపుతున్నాను. వాడు కొన్న కొత్త బెల్టు డిక్కీలో ఉంది. దాని కింద కవరులో పాత ఐడ్లర్ పెట్టాను. చెవి దగ్గర పట్టుకుని తిప్పండి, ఆ గరగర మీకూ వినిపిస్తుంది. కింద పేపరు పరుచుకోండి, గ్రీజు మరక పడితే మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఇట్లు,
తాత