రెండు పార్టీల రాష్ట్రంలో మూడో పార్టీకి చోటు దొరికిందెలా?

రెండు పార్టీలు వేళ్లూనుకున్న చోట కొత్త పార్టీ వాటిలో ఒకదాని స్థానంలోకి రాగలదా అన్న ప్రశ్నకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్నికల చరిత్రే చక్కని ఆధారం. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు ప్రకటించిన తెలుగుదేశం, అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను గద్దెనెక్కించిన కాంగ్రెస్‌పై జనాగ్రహం తోడుకాగా, 1983 జనవరిలోనే అధికారంలోకి వచ్చింది. అయితే అది కాంగ్రెస్‌ను తుడిచిపెట్టలేదు. 1978లో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచి ఆ తరువాత చెదిరిపోయిన జనతా పార్టీ ఖాళీ చేసిన చోటే దానికి దక్కింది.

సీట్లు పోవడం వేరు, ఓట్లు పోవడం వేరు. 1994లో కాంగ్రెస్ 294 స్థానాలలో 26కు పడిపోయినా, మూడో వంతు ఓటర్లు దానిని విడిచిపెట్టలేదు. అందువల్లనే 2004లో 185 స్థానాలతో తిరిగి రాగలిగింది.

ప్రజారాజ్యం అనుభవం ఇంకా కఠినమైనది. 2008 ఆగస్టులో తిరుపతిలో లక్షలాది అభిమానుల నడుమ పురుడు పోసుకున్న ఆ పార్టీకి, మరుసటి ఏడాది ఎన్నికల్లో 16 శాతానికి పైగా ఓట్లు వచ్చినా, అవి రాష్ట్రమంతటా పలుచగా పరుచుకోవడంతో దక్కినవి 18 స్థానాలే. చిరంజీవి తిరుపతిలో గెలిచినా, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. పాత పార్టీల ఓటర్లు చాలావరకు కదలలేదు. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో విలీనమైంది.

అదే 2011లో జగన్మోహన్ రెడ్డి స్థాపించిన వైఎస్సార్ కాంగ్రెస్ దారి వేరు. అది కొత్త ఓటర్లను వెతుక్కోవలసిన అవసరం పడలేదు, కాంగ్రెస్ ఓటర్లనే తన వైపు తిప్పుకుంది. 2009లో రాజశేఖర రెడ్డి మరణంతో మొదలైన చీలికకు 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించిన విభజన బిల్లు తోడవడంతో, ఊళ్లలోని కేడర్, ద్వితీయ శ్రేణి నాయకులు పెద్దయెత్తున కండువా మార్చారు. ఆ ఏడాది ఎన్నికల్లో సీమాంధ్రలోని 175 స్థానాలలో కొత్త పార్టీకి 67 రాగా, కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు, దాదాపు అన్నిచోట్లా డిపాజిట్లు గల్లంతయ్యాయి. అప్పటిదాకా ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్న బొత్స సత్యనారాయణ కూడా మరుసటి ఏడాది అందులోనే చేరారు.

తెలంగాణలో ఈ క్రమం తిరగబడింది. అక్కడ టీఆర్‌ఎస్ ఆక్రమించింది తెలుగుదేశం చోటును. 2014లో గెలిచిన 15 మంది తెలుగుదేశం సభ్యులలో అత్యధికులు టీఆర్‌ఎస్‌లోకి వెళ్లగా, 2018లో తెలుగుదేశం నుంచి గెలిచింది ఇద్దరే. నిలదొక్కుకున్న కాంగ్రెస్ 2023లో అధికారంలోకి వచ్చింది.

కనుక, నా అంచనాలో, కొత్త పార్టీ ఎంత బలమైనదన్న దానికన్నా పాత పార్టీ కేడర్ ఎక్కడున్నదన్నదే ముందు చూడవలసిన విషయం. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 11 స్థానాలకు కుదించుకుపోయినా, 39 శాతం ఓట్లు దానితోనే ఉన్నాయి. పొత్తులో పోటీ చేసిన 21 స్థానాలూ గెలిచిన జనసేన ఎదుగుదలను కూడా ఈ లెక్కతోనే చూడాలి.