రక్తంలో డ్రమ్ములు ఉండవు: ఉగాండా బడి సంగీతంపై అపోహలు - వాస్తవాలు

కంపాలాలో ఒక బడిలో సంగీతం టీచర్‌గా పనిచేస్తున్నాను. నేను నేర్చుకున్నది కర్ణాటక వయోలిన్. ఇక్కడ నా పీరియడ్లు కోయిర్, సోల్ఫా (డో-రే-మి స్వరపాఠం). డ్రమ్ములు, అమడిండా అనే చెక్కల వాద్యం, నాట్యం నేర్పేది ఒక పెద్దాయన. పిల్లలు ఆయన్ని తాతయ్య అనే అర్థంలో జాజ్జా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన క్లాసుకి టైమ్‌టేబుల్ కుదర్చడం, పేరెంట్స్‌కి సర్దిచెప్పడం, నెలాఖరున ఆయన డబ్బుల కాగితం మీద ఆఫీసులో సంతకం పెట్టించడం నా వంతు. ఆ సంతకం కోసం తిరిగేటప్పుడు వినే మాటల వల్లే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: “ఆఫ్రికా వాళ్ళకి లయ రక్తంలోనే ఉంటుంది కదా, మళ్ళీ బడిలో నేర్పడం ఎందుకు?”

ఊరికి ఫోన్ చేస్తే బంధువులు అంటారు. ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది భోజనాల్లో అంటారు. మా స్టాఫ్‌రూమ్‌లో ఉగాండా వాళ్ళే అంటారు, అదీ కాస్త గర్వంగా. పొగడ్తలా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ కాదనరు. దాని వెనకాల వచ్చే లెక్క మాత్రం చూడరు. పుట్టుకతో వచ్చేదైతే నేర్పేవాడు అక్కర్లేదు. నేర్పేవాడు లేకపోతే పీరియడ్ అక్కర్లేదు. ఎంబూటు డ్రమ్ము చర్మం చిరిగితే కొత్తది వేయించే ఖర్చు ఎలాగూ దండగే. పియానో టీచర్‌కి కాంట్రాక్టు ఉంటుంది. జాజ్జా లాంటి వాళ్ళకి చాలా బడుల్లో దారిఖర్చులు, మధ్యాహ్నం ఒక ప్లేటు పోషో (మొక్కజొన్న పిండి ముద్ద), బీన్స్. “ఆయనకి వచ్చిందే కదా వాయిస్తున్నాడు” అని డబ్బు లెక్కలు చూసే ఒక బడి బర్సర్ నాతో మొహం మీదే అన్నాడు. డాక్టరుకీ వచ్చిందే కదా చేసేది, ఫీజు ఎందుకిస్తున్నావయ్యా అని అడగాలనిపించింది. సంతకం కావాలి కాబట్టి నోరు మూసుకున్నాను.

రక్తం సంగతి తేల్చే చరిత్ర ఈ ఊళ్ళోనే జరిగింది. కంపాలా ఉన్న బుగాండా ప్రాంతపు రాజుని కబాకా అంటారు. ఆయన ప్యాలెస్‌లో ఎంటెంగా అనే వాద్యం ఉండేది. మొత్తం 15 డ్రమ్ములు. అందులో 12 శ్రుతి చేసినవి, వాటి మీద నలుగురు కలిసి పాట పలికిస్తారు. మిగతా మూడింటిని ఇద్దరు వాయిస్తారు. రాజుగారి డ్రమ్ములు కాబట్టి ప్యాలెస్ ప్రాకారం లోపలే మోగేవి. 1966 మే 24న ప్రభుత్వ సైన్యం మెంగోలోని ఆ ప్యాలెస్ మీద పడింది. కబాకా రెండో ముటేసా గోడ దాటి దేశం విడిచి వెళ్ళాడు. ఆస్థాన వాద్యకారులు చెల్లాచెదురైపోయారు. మరుసటి ఏడాది దేశంలోని రాజ్యాలన్నిటినీ రద్దు చేశారు. బుగాండా రాజరికం తిరిగి వచ్చింది 1993లో.

ఈ మధ్యలో బుగాండా జనం, అంటే బగండా వాళ్ళు, ఎక్కడికీ పోలేదు. లక్షల మంది ఇదే కంపాలాలో పుట్టారు, పెరిగారు, పిల్లల్ని కన్నారు. రక్తం భద్రంగానే ఉంది. ఎంటెంగా మాత్రం ఆగిపోయింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత కుర్రాళ్ళకి మళ్ళీ నేర్పాలని పూనుకునేసరికి, ప్యాలెస్‌లో వాయించిన పాతవాళ్ళలో మిగిలింది ఒక్కరు. ఆరుగురి వాద్యాన్ని ఒక్క ముసలాయన జ్ఞాపకంలోంచి తవ్వి తీయాల్సి వచ్చింది.

అమడిండా గతి అలా కాలేదు. ఎందుకంటే అది ప్యాలెస్ బయట కూడా నేర్పారు. ఎవరిస్టో ముయిండా అనే ఆస్థాన వాద్యకారుడు ఉగాండా మ్యూజియంలో ఉద్యోగం చేస్తూ, వచ్చినవాళ్ళకి వాయించి చూపిస్తూ, అడిగినవాళ్ళకి నేర్పుతూ వచ్చాడు. ఒక మనిషికి జీతమిచ్చి ఒక చోట కూర్చోబెడితే ఒక వాద్యం నిలబడింది. బర్సర్లకి నేను చెప్పేది ఈ ఒక్క ముక్కే.

ఇంకా నమ్మకం కుదరకపోతే జింజా దాకా వెళ్ళండి. నైలు నది దాటితే బుసోగా. అక్కడి బిగ్వాలా సొరబుర్రల బూరల సంగీతం. సొరబుర్ర ముక్కల్ని ఒకదానికొకటి అతికించి పొడవాటి బూరలు చేస్తారు. ఒక్కో బూర పలికేది ఒకే ఒక్క స్వరం. కనీసం అయిదుగురు తమ తమ వంతు రాగానే ఊదితేనే పాట అవుతుంది. క్యబజింగా అని పిలిచే అక్కడి రాజు పట్టాభిషేకాలకీ, రాజుల అంత్యక్రియలకీ ఊదేవారు. రాజరికం పోయాక ఊదే సందర్భం పోయింది. 2012లో యునెస్కో దీన్ని తక్షణం కాపాడాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చేనాటికి బాగా తెలిసిన పెద్దలు నలుగురే మిగిలారు. అయిదు బూరలు కావాల్సిన సంగీతానికి నలుగురు!

అసలు చిక్కు తర్వాత వచ్చింది. బూరలు చేయడానికి పనికొచ్చే సొరకాయలు పండించడమే జనం మానేశారు. క్యాంబోగో యూనివర్సిటీలో పనిచేసే జేమ్స్ ఇసాబిర్యె, ఊరి పెద్దలు కలిసి విత్తనాలు వెతికించి, నాటించి, కాయలు ఎండబెట్టి, ఆ తర్వాతే కుర్రాళ్ళ చేతికి బూరలు ఇవ్వగలిగారు. రక్తంలో సొరవిత్తనాలు కూడా ఉండవు మరి.

క్లాసులో అయితే ఈ అపోహ పిల్లల్ని ఏడిపిస్తుంది. అమడిండా అంటే రెండు అరటి బోదెల మీద అడ్డంగా పరిచిన 12 చెక్కలు. మంచివి లుసాంబ్య కర్రతో చేస్తారు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని అవే చెక్కల్ని వాయిస్తారు. ఒకరి రెండు దెబ్బల మధ్య ఖాళీలో రెండోవారి దెబ్బ పడాలి. మూడో మనిషి అన్నిటికంటే హెచ్చు స్వరం పలికే రెండు చెక్కల మీద వంత. మనకి వినిపించే పాటని ఆ ముగ్గురిలో ఏ ఒక్కరూ పూర్తిగా వాయించరు. పైగా ఇద్దరూ ఎవరి దెబ్బని వాళ్ళు సమం అనుకుంటారు. ఆదితాళం వేసి పెరిగిన నాకు మొదట్లో తల తిరిగిపోయేది.

మా పీ5 (ప్రైమరీ అయిదో తరగతి) క్లాసులో పిల్లలు పెరిగింది రేడియో పాటల మీద, చర్చి కీబోర్డు మీద. మొదటి టర్మ్ ఎవరికీ రాదు. మాటుంగా నుంచి వచ్చిన గుజరాతీ పిల్లకి రాకపోతే అందరూ “పర్లేదులే” అంటారు. ముగండా (బగండాల్లో ఒక్కరిని ఇలా అంటారు) ఇంటిపేరున్న కుర్రాడికి రాకపోతే “నువ్వేం ముగండావి?” అంటారు. ఒకడు ఆ మాట ఇంట్లో బాబాయి దగ్గర కూడా పడ్డాడట, కర్రలు విసిరేసి బయటికి పోయాడు. జాజ్జా వెళ్ళి వాణ్ణి వెంటబెట్టుకొచ్చి, వెనక కూర్చుని, రెండు మణికట్లూ పట్టుకుని వాయించాడు. “అవతలివాడి చేతులు చూడకు, నీది నువ్వు ఆపకు” అన్నాడు. ఆ టర్మంతా అదే. రెండో టర్మ్‌లో ఆ కుర్రాడికీ, గుజరాతీ పిల్లకీ ఇంచుమించు ఒకే సమయానికి పట్టుబడింది.

ఇంతకీ ఏ రక్తం? ఈ దేశ రాజ్యాంగం గుర్తించిన స్థానిక జాతులే 65. అచోలీల బ్వోలాలో గుండ్రంగా నిలబడి ఎవరి చిన్న డ్రమ్ము వాళ్ళు వాయిస్తూ ఆడతారు. అంకోలె ఎకిటగురిరో ఆటలో చేతులు పైకెత్తి పొడుగు కొమ్ముల ఆవుల్ని చూపిస్తారు. బగండా బాకిసింబలో పనంతా నడుముది. అంకోలెలోని ఎంబరారా నుంచి వచ్చిన పిల్లకి బాకిసింబ నడుము మన విజయవాడ పిల్లకి ఎంత కష్టమో అంతే కష్టం.

అపోహ: “ఎం.డి.డి. ఫెస్టివల్‌లో కప్పు వచ్చింది, మా బడిలో సంస్కృతికి ఢోకా లేదు.”

మ్యూజిక్, డాన్స్, డ్రామా పోటీలంటే ఇక్కడ మామూలు హడావిడి కాదు. జోన్, జిల్లా, రీజియన్, ఆఖరికి నేషనల్స్. చాలా బడులు పోటీకి కొన్ని వారాల ముందు బయటి నుంచి ట్రైనర్‌ని తెస్తాయి. ఆయన ఒక ఆట, ఒక జానపదం రుద్ది, డబ్బు తీసుకుని వెళ్ళిపోతాడు. పోటీ అయిపోగానే కాస్ట్యూములు ట్రంకు పెట్టెలో. తర్వాతి టర్మ్‌లో అదే పిల్లల్ని ఆ డ్రమ్ము దరువు వేరే వేగంలో వాయించమనండి, చేతులు కట్టుకుని నిలబడతారు.

పోటీలు వద్దని నేను అనను. డబ్బులేని బడికి డ్రమ్ము కొనడానికి హెడ్మాస్టర్ ఒప్పుకునే కారణం అదొక్కటే. కాకపోతే కప్పు వచ్చిన బడిలో ఏడాది పొడుగునా వారానికి ఒక పీరియడ్ ఉందో లేదో అడగండి.

అపోహ: “పీఎల్ఈలో (ప్రైమరీ చివరి పరీక్షలో) లేని సబ్జెక్టు. ఎక్కువ టైమ్ పెడితే మార్కులు పోతాయి.”

ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది, దీని మీద జోకులెయ్యను. పీ7 చివర పరీక్షలో ఉండేవి ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్. మంచి సెకండరీ బడిలో సీటు ఆ అగ్రిగేట్ మీదే ఆధారపడి ఉంటుంది. ఇంట్లో మొదటిసారి సెకండరీకి వెళ్ళబోతున్న పిల్లవాడి తల్లి నా ఎదురుగా కూర్చుని అడిగితే, సంగీతం వల్ల లెక్కలు వచ్చేస్తాయని నేను అబద్ధం చెప్పను. చెప్పేది ఇది: పీ4 నుంచి పీ6 దాకా వారానికి రెండు పీరియడ్లు ఇవ్వండి, చాలు. పీ7 మూడో టర్మ్‌లో పిల్లల్ని నేనే పిలవను. మార్కులు పోయేది ఫెస్టివల్ ముందు వారాల తరబడి క్లాసులు ఎగ్గొట్టించే చోట. ఆ కోపం వారానికి రెండు పీరియడ్ల మీద చూపిస్తే ఏం లాభం?

మిగతావి గబగబా చెప్పేస్తాను.

“అన్నీ రికార్డు చేసి పెట్టేశారుగా.” చేశారు. మ్యూజియం క్యూరేటర్‌గా ఉన్న క్లాస్ వాక్స్‌మన్ ఊరూరా తిరిగి చేసిన రికార్డింగుల కాపీలు మకెరెరె యూనివర్సిటీకి కూడా చేరాయి. అమూల్యమైనవే. కానీ అమడిండా రికార్డింగు విని ఏ దెబ్బ ఎవరిదో విడదీయాలంటే ముందు అమడిండా తెలిసుండాలి.

“కీబోర్డు మీద వాయిస్తే సరిపోదా?” సరిపోదు. అయిదు స్వరాలు అనగానే మనవాళ్ళు మోహనం అనుకుంటారు. మోహనంలో మెట్లు సమానంగా ఉండవు. అమడిండాలో స్థాయిని అయిదు దాదాపు సమాన భాగాలు చేస్తారు, ఒక్కోటి 240 సెంట్ల చుట్టుపక్కల (స్థాయిలో 1200వ వంతు ఒక సెంటు). కీబోర్డులో ఆ మెట్టు లేదు. శ్రుతి తప్పిందని అమడిండా చెక్కల్ని చెక్కించి “సరిచేసిన” మహానుభావులు ఉన్నారు. దయచేసి ముట్టుకోకండి.

“డ్రమ్ములు దయ్యాలవి, చర్చికి పనికిరావు.” నమిరెంబె కెథడ్రల్‌లో ప్రార్థనకి పిలిచేది డ్రమ్ములతోనే. 1964లో రోములో, క్రైస్తవం కోసం ప్రాణాలిచ్చిన ఉగాండా మార్టర్లని సెయింట్లుగా ప్రకటించినప్పుడు వినిపించిన జోసెఫ్ క్యగంబిడ్వా ఒరటోరియో (భక్తి గానరూపకం) బుగాండా బాణీలో కట్టిందే. భయపడే తల్లులకి ఇది చెబితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. పాస్టర్లే ఒప్పుకోరు.

“ఆడపిల్లలు డ్రమ్ము ముట్టకూడదు.” పాత కట్టుబాటు నిజమే. ఆడపిల్లల బడుల్లో ఎప్పుడో తీరిపోయింది, అక్కడ వాయించడానికి మగపిల్లలు ఉంటే కదా! మా బడిలో ఎంగలాబి అనే పొడుగు డ్రమ్ము బాగా పలికించేది ఒక అమ్మాయి. దానికి వేసే ఉడుము చర్మం వాసనంటే మాత్రం ఆమెకి అసహ్యం.

“అడుంగు అసలు రూపం చెడగొట్టారు, సోల్ఫా స్వరాలకి శ్రుతి చేశారు.” అవును, పడమటి నైలు ప్రాంతపు అలూర్ల తంతి వాద్యాన్ని చిన్నవీ పెద్దవీ సెట్లుగా చేసి కోయిర్ పక్కన పెట్టారు. అందువల్లే దేశమంతా బడుల్లో కనిపిస్తోంది. నాకేం అభ్యంతరం లేదు, జాజ్జాకి ఉంది. మేమిద్దరం దీని మీద చాలాసార్లు పోట్లాడుకున్నాం.

ఇక మన తెలుగు తల్లిదండ్రులు అడిగేది: “మా అమ్మాయికి ఇంట్లో కూచిపూడి ఉందండీ, ఇది కూడా ఎందుకు?” ఎందుకంటే ఆమె పక్క బెంచీ పిల్లలతో కలిసి చేసే పని బడి మొత్తంలో ఇలాంటిది ఇంకోటి లేదు. కూచిపూడికి ఏమీ కాదు. అరమండి అలవాటైన పిల్లలకి బాకిసింబలో మోకాళ్ళు వంచి నిలబడటం కాస్త తేలికే, నడుము దగ్గరే ఇబ్బంది పడతారు. బుధవారం క్లాసుకి నడుముకి కట్టడానికి ఒక పాత స్వెటర్ పంపండి. యూనిఫాం స్వెటర్ వద్దు, సాగిపోతుంది, తర్వాత నన్ను తిడతారు.