పైతాన్ సైటు ఖర్చు ఎవరు పెడతారు?

కావలి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను డౌన్‌లోడ్ చేసుకుంటూ, "ఇది ఫ్రీ కదా, మరి ఈ సైటు ఖర్చు ఎవరు పెడుతున్నారు తాతయ్యా?" అని అడిగారు. మీ బస్సుకి టైమైపోయి సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

గీడో వాన్ రాసమ్ పైతాన్‌ను 1991లో బయటపెట్టారు. దాని బాగోగులు చూడడానికి 2001లో పైతాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. లాభం కోసం నడిచే సంస్థ కాదు. విరాళాలు, స్పాన్సర్ల సొమ్ము, వాలంటీర్ల శ్రమ, ఇవే దాని ఆధారం.

మీరు పిప్ ఇన్‌స్టాల్ అని కొడితే ప్యాకేజీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన పైతాన్ కోడ్ మూటలు, పైపీఐ అనే సైటు నుంచి వస్తాయి. దాని పాత కోడ్ ఎంత ముదిరిపోయిందంటే, చిన్న మార్పుకు కూడా టెన్షన్ పడాల్సి వచ్చేది. అందుకని మొత్తం కొత్తగా రాయడం మొదలుపెట్టారు. ఏళ్లు పట్టింది. 2017లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 1,70,000 డాలర్ల సాయం ప్రకటించాక పని ఊపందుకుంది. 2018 ఏప్రిల్‌లో కొత్తది వచ్చి పాతది మూతపడింది. నాకు బాగా నచ్చింది ఇది కాదు. అంతకు ముందు చాలాకాలం పాతదీ కొత్తదీ ఒకే డేటాబేస్ మీద పక్కపక్కనే నడిచాయి. ఇవాళ్టికీ పాత అడ్రసు కొడితే కొత్త దానికే తీసుకెళుతుంది. రంగులూ బొమ్మలూ ఎవరైనా మారుస్తారు. వాడుకునేవాళ్ల పని ఆగకుండా అడుగున ఉన్నదాన్ని మార్చడమే అసలైన కష్టం.

ఇంత పెద్ద ప్యాకేజీలు మన ఊరికి అంత త్వరగా ఎలా వస్తాయంటారా? సోమశిల నీళ్లు వచ్చి ఊరి చెరువు నిండాక, పొలానికి చెరువు తూము నుంచే పారిస్తాం కదా! అలాగే ఫైళ్ల నకళ్లను దేశదేశాల సర్వర్లలో పెడతారు. మీకు దగ్గరలో ఉన్నదే మీకు ఇస్తుంది. దీన్ని సీడీఎన్ అంటారు. పైతాన్‌కు ఈ సేవను ఫాస్ట్‌లీ అనే కంపెనీ ఉచితంగా ఇస్తోంది.

సర్వర్ మన చేతిలో ఉంటేనే భద్రం అని కొందరంటారు. నేను ఒప్పుకోను. వెబ్‌సైట్లు రాయడానికి వాడే పీహెచ్‌పీ అనే భాష వాళ్లు తమ కోడ్‌ను సొంత గిట్ సర్వర్‌లో ఉంచుకునేవారు. గిట్ అంటే కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేశారో దాచిపెట్టే సాధనం. 2021 మార్చిలో ఎవరో అందులో రెండు దొంగ మార్పులు చేర్చారు, అదీ ఆ భాషను పుట్టించిన రాస్మస్ లెర్డార్ఫ్ పేరూ, మరో ముఖ్యమైన డెవలపర్ పేరూ పెట్టి. అవి విడుదలైన వెర్షన్లలోకి వెళ్లి ఉంటే, ఆ పీహెచ్‌పీతో నడిచే సైట్లలో బయటివాళ్లు తమ కోడ్ నడిపించగలిగేవారు. అదృష్టం, త్వరగానే పట్టుకున్నారు. ఆ తర్వాత సొంత సర్వర్ కాపలా తమకు తలకు మించిన పని అనుకుని, కోడ్ దాచుకోవడానికి చోటిచ్చే గిట్‌హబ్ అనే సైటునే అసలు చోటుగా చేసుకున్నారు. సరైన నిర్ణయమే.

పైతాన్ సైటును జాంగోతో, అంటే వెబ్‌సైట్లు కట్టడానికి పైతాన్‌లోనే ఉన్న ఒక సాధనంతో రాశారు. ఆ కోడ్ కూడా గిట్‌హబ్‌లో ఎవరైనా చూడొచ్చు. దసరాకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, కలిసి చదువుదాం.

మీ తాతయ్య