గోడ తాగిన నీళ్లు ఎటు పోతాయి?

ఇంగ్లండ్‌లో ఇళ్ల అమ్మకాల ప్రకటనలు చూడడం నాకు ఎప్పటినుంచో అలవాటు. కొనే ఉద్దేశం లేదు, ఆ ఇళ్లంటే ఇష్టం. డెవన్‌లోనో సఫక్‌లోనో ఒక పల్లె. ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఒక పాత కాటేజీ. మందమైన గడ్డికప్పు, కాస్త పక్కకు ఒరిగినట్టుండే తెల్లటి గోడలు, లోపల నల్లబడ్డ ఓక్ దూలాలు, మనిషి లోపల కూర్చోగలిగేంత పెద్ద పొయ్యి. ఫొటోల కింద తరచూ కనిపించే మాట "పదిహేడో శతాబ్దపు ఇల్లు".

ఆ ఇల్లు దేంతో కట్టారో చూడండి. మట్టి, గడ్డి, సున్నం, పచ్చిగా ఉండగానే చెక్కిన కర్ర. నీళ్లకు ఇట్టే పాడైపోయేవే అన్నీ. పైగా ఏ నెలలోనైనా వాన పడే దేశం అది. అయినా మూడున్నర వందల ఏళ్లు నిలబడ్డాయి. తమలోకి వచ్చిన తడిని తిరిగి బయటికి పంపగలగడమే వాటి బలం. గత వందేళ్లలో ఇలాంటి ఇళ్లు చాలా పాడైంది కూడా ఆ దారి మూసేయడం వల్లే.

ముందు వయసు సంగతి. "పదిహేడో శతాబ్దం" అన్నది చాలాసార్లు చూపు మీద వేసిన అంచనా. దాన్ని తేల్చి చెప్పగలిగేది దూలమే. ఓక్ చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా, ఎండిన ఏడు సన్నగా ఉంటుంది. దూలంలోంచి పెన్సిలంత సన్నటి ముక్కను తొలిచి తీసి, ఆ సన్నం వెడల్పుల వరసను ఆ ప్రాంతానికి ముందే తయారుచేసి పెట్టుకున్న వరసతో పోల్చి చూస్తారు. రెండూ కలిసిన చోట ఏళ్లు తెలుస్తాయి. డెండ్రోక్రోనాలజీ అంటే ఇదే. దూలం అంచున బెరడు ఆనవాలు మిగిలి ఉంటే, చెట్టును ఏ ఏడాది నరికారో, ఒక్కోసారి ఏ కాలంలో నరికారో కూడా చెప్పగలరు. బెరడు లేకపోయినా, చేవ దాటాక ఉండే లేత కర్ర మొదలైన చోటు కనిపిస్తే చాలు. ఇంగ్లండ్ ఓక్ చెట్లలో ఆ లేత భాగంలో సాధారణంగా 9 నుంచి 41 వలయాలు ఉంటాయని లెక్క కట్టారు. దాన్నిబట్టి నరికిన కాలానికి ఒక హద్దు గీస్తారు.

నరికిన ఏడాది తెలిస్తే కట్టిన ఏడాది దాదాపు తెలిసినట్టే. ఆరిన ఓక్ ఉలికి లొంగదు. అందుకే వడ్రంగులు పచ్చికర్రనే కోసి, బెజ్జాలు తొలిచి, ఓక్ మేకులతోనే బిగించేవాళ్లు. ఇల్లు లేచాక కర్ర అక్కడే ఆరింది, ఆరుతూ వంగింది. ఈ కాటేజీల వంకరల్లో చాలావరకు ఆ మొదటి కొన్నేళ్లలో వచ్చినవే. నేల కుంగి వచ్చినవీ ఉంటాయి, కాబట్టి వంకర పాతదా కొత్తదా అన్నది నిపుణుడు చూసి చెప్పాలి.

కొన్ని దూలాలకు వలయాలు తక్కువ, లేదా అన్నీ ఒకే వెడల్పు. వాటిని పాత పద్ధతిలో లెక్కకట్టడం కష్టం. స్వాన్సీ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి మరో దారి కనిపెట్టారు. ఒక్కో వలయంలోని సెల్యులోజ్‌లో బరువైన ఆక్సిజన్, తేలికైన ఆక్సిజన్ ఏ పాళ్లలో ఉన్నాయో కొలుస్తారు. ఆ పాళ్లు ఆ వేసవి వానల్ని బట్టి మారతాయి. దక్షిణ మధ్య ఇంగ్లండ్‌కు 1200 నుంచి 2000 వరకు ఇలాంటి వరస ఒకటి తయారుచేసి 2019లో ప్రచురించారు. ఎనిమిది వందల వేసవుల్లో కురిసిన వాన జాడ దూలాల్లోంచి చదవొచ్చని తెలిసిన రోజున నాకు చాలా సంతోషమేసింది.

ఇంకో మాట. ఇంట్లో ఉత్త బెజ్జాలున్న దూలం కనిపిస్తే అది పాత ఓడ నుంచి తెచ్చిందని కథలు చెబుతారు. అలాంటివి దాదాపు అన్నీ అంతకుముందున్న ఇంకో ఇంటివో, కొట్టానివో. కర్ర విలువైనది, ఎవరూ పారేసేవాళ్లు కాదు.

ఇక గోడ. డెవన్‌లో దీన్ని కాబ్ అంటారు. బంకమట్టి, ఇసుక, గడ్డి, నీళ్లు కలిపి తొక్కి, ఆ ముద్దను రాతి పునాది మీద వరసలు వరసలుగా పేరుస్తారు. ఒక వరస ఆరాకే దాని మీద ఇంకోటి. గోడ మందం సుమారు 60 సెంటీమీటర్లు. మొదటి ఎలిజబెత్ రాణి కాలపు నావికుడు సర్ వాల్టర్ రాలీ పుట్టిన హేస్ బార్టన్ ఇల్లు కూడా కాబ్‌తో కట్టి గడ్డి కప్పిందే. ఓక్ ఎక్కువగా వాడిన ప్రాంతాల్లో పద్ధతి వేరు. కర్ర చట్రం నిలబెట్టి, మధ్య ఖాళీల్లో హేజెల్ పుల్లల తడిక అల్లి, దాని మీద మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తేవాళ్లు. కాబ్ గోడ గురించి డెవన్ జనం చెప్పుకునే పాత మాట ఒకటుంది: దానికి కావాల్సింది మంచి టోపీ, మంచి బూట్లు. టోపీ అంటే వెడల్పాటి చూరు, బూట్లు అంటే నేల తడి అంటని రాతి పునాది.

ఆ గోడ పైన సున్నం పూత. సున్నం గురించి కాస్త ఆగి చెప్పాలి, అసలు కథంతా ఇందులోనే ఉంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలిస్తే, వంద కిలోల స్వచ్ఛమైన రాయిలోంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోయి 56 కిలోల కాల్చిన సున్నం మిగులుతుంది. దానిమీద నీళ్లు పోస్తే సలసల కాగి మెత్తటి సున్నం అవుతుంది. గోడకు పూసిన తర్వాత అది గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. రాయిని కరిగించి గోడకు పూసి మళ్లీ రాయిని చేసినట్టు. కానీ ఈ కొత్త రాయి నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. వాన కొట్టినప్పుడు కొంత తడి లోపలికి వెళ్తుంది, గాలి వీచినప్పుడు అదే దారిలో ఆవిరై పోతుంది. ఇంట్లో వంటలో, స్నానంలో, మన ఊపిరిలో పుట్టే ఆవిరిలో కొంత కూడా అలాగే పోతుంది. సన్నటి పగుళ్లు వస్తే వాటంతటవే పూడుతాయి. వాననీరు పూతలో ఇంకా గట్టిపడని సున్నాన్ని కొద్దిగా కరిగించి పగుల్లోకి తెస్తుంది, నీరు ఆరిపోయాక ఆ సున్నం అక్కడే గట్టిపడుతుంది.

1824లో లీడ్స్‌కు చెందిన జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే మేస్త్రీ పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. వంతెనలకు, రేవులకు అది వరమే. ఇరవయ్యో శతాబ్దంలో అదే సిమెంట్ పాత కాటేజీల గోడలకూ ఎక్కింది. గట్టిగా ఉంటుంది, ఏళ్ల తరబడి వెల్ల వేసే పని ఉండదు అనుకున్నారు. మట్టి గోడ వేడికి, చెమ్మకు కొంచెం కొంచెం కదులుతూ ఉంటుంది. సిమెంట్ కదలదు, పగులుతుంది. ఆ సన్నటి పగుల్లోంచి వాననీరు లోపలికి పోతుంది, బయటికి రావడానికి మాత్రం దారి దొరకదు. కాబ్ గోడ పైకి చక్కగా కనిపిస్తూనే లోపల మెత్తబడి, ఒకరోజు పెద్ద ముక్క కూలుతుంది. ఇటుక గోడలో ఇంకో రకం నష్టం. సున్నం అతుకుల్లోంచి పోవాల్సిన తడి, అతుకుల్లో సిమెంట్ నింపాక ఇటుకల ముఖాల్లోంచి పోతుంది. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఇటుక పెచ్చులూడుతుంది. పాత మేస్త్రీలు అతుకును ఇటుక కంటే మెత్తగా ఉంచింది ఇందుకే. అరిగితే అతుకు అరగాలి, దాన్ని మళ్లీ నింపుకోవచ్చు.

ఇల్లు కొనేవాళ్లకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట "చెమ్మ". పరీక్షకు వచ్చినవాళ్లు రెండు సూదులున్న చిన్న మీటరు గోడకు గుచ్చుతారు, అది ఎర్రగా వెలుగుతుంది. ఆ మీటరు కొలిచేది విద్యుత్తు ఎంత సులువుగా పోతుందో అన్నది మాత్రమే. దాని అంకెలు కర్రను దృష్టిలో పెట్టుకుని గీసినవి. వందల ఏళ్లుగా పొయ్యి మసి, ఎరువుల లవణాలు, పశువుల మూత్రం పీల్చుకున్న గోడలో ఉప్పు ఉంటుంది. తడి కొద్దిగానే ఉన్నా ఆ ఉప్పు వల్ల మీటరు ప్రమాదమని చూపిస్తుంది. దాన్ని నమ్మి గోడకు రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించి, లోపల సిమెంట్ పూస్తే ఉన్న జబ్బుకు ఇంకో జబ్బు తోడవుతుంది. నిజమైన తడికి కారణం చాలావరకు చాలా మామూలుగా ఉంటుంది. వాననీటి గొట్టం పగలడం, చూరు దగ్గర కప్పు అరగడం, ఏళ్ల తరబడి మట్టీ కంకరా పేరుకుని బయటి నేల లోపలి నేల కంటే ఎత్తవడం. ఆ చివరిదైతే పారతో తవ్వి సరిచేయొచ్చు. అందుకే పాత ఇంటికి సర్వేయర్‌ను పెట్టుకునేటప్పుడు సున్నం, మట్టి తెలిసినవాళ్లనే వెతుక్కోవాలి. సర్వేల్లో లెవెల్ 3 అనే పెద్ద పరీక్ష ఇలాంటి ఇళ్ల కోసమే. ఖర్చు ఎక్కువే, అయినా ఇక్కడ పొదుపు చేయొద్దని నా గట్టి అభిప్రాయం.

పురుగుల భయం కూడా తడి దగ్గరికే వస్తుంది. డెత్‌వాచ్ బీటిల్ అనే పురుగు తోడు కోసం తలతో కర్రను టకటకా కొడుతుంది. రాత్రి నిశ్శబ్దంలో చావుకు దగ్గరైన రోగి పక్కన మేలుకుని కూర్చున్నవాళ్లకు ఆ చప్పుడు వినిపించేది, అందుకే దానికా పేరు. దాని పిల్లలు ఓక్ లోపల ఏళ్ల తరబడి తింటూ బతుకుతాయి, అయితే శిలీంధ్రం పట్టి మెత్తబడిన కర్రలోనే బాగా పెరుగుతాయి. ఆరిన చేవ వాటికి కొరుకుడుపడదు. దూలం నిండా రంధ్రాలున్నా అవి రెండు వందల ఏళ్ల కిందటివి కావచ్చు. కింద తాజా పొడి రాలుతోందా అన్నదే చూడాలి.

టోపీ దగ్గరికి వద్దాం. గడ్డికప్పు కనీసం 45 డిగ్రీల వాలుతో ఉండాలి. ఒక్కో కాడ మీంచి కింది కాడ మీదికి చుక్క జారుతూ, లోతుకు దిగకముందే చూరు చేరుతుంది. భారీ వానలో కూడా పైన కొద్ది సెంటీమీటర్లే తడుస్తాయి, కింద అంతా పొడిగా ఉంటుంది. రెల్లుతో కప్పినది ఎక్కువ కాలం, గోధుమ గడ్డితో కప్పినది కొంచెం తక్కువ కాలం వస్తుంది. గడ్డితో కప్పేవాళ్లు పాతదంతా పీకేయరు, పాడైన పైపొర తీసి దానిమీదే కొత్తది వేస్తారు. కాబట్టి అట్టడుగు పొర ఇల్లు కట్టిన నాటిది కావచ్చు.

అక్కడే నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఉంది. మధ్యయుగాల్లో కట్టిన ఇళ్లకు పొగగొట్టాలు లేవు. నేల మధ్యలో మంట, పొగ వాసాల మధ్యకు లేచి కప్పులోంచి బయటికి పోయేది. పదహారో శతాబ్దం చివరి నుంచి పొగగొట్టాలు కట్టి, పైన అంతస్తు వేసుకున్నారు. ఆ మార్పు కాలాన్ని 1570 నుంచి 1640 వరకు అని చరిత్రకారుడు డబ్ల్యూ. జి. హాస్కిన్స్ 1953లో గుర్తించాడు. అంతకుముందు పొగ పట్టిన అడుగు పొర గడ్డి మసితో నల్లబడి, పురుగు పట్టకుండా, కుళ్లకుండా అలాగే ఉండిపోయింది. దక్షిణ ఇంగ్లండ్‌లో, ముఖ్యంగా డెవన్‌లో, ఇలాంటి కప్పులు ఇంకా ఉన్నాయి. పురావృక్ష శాస్త్రవేత్త జాన్ లెట్స్ వాటిని విప్పి చూస్తే అయిదారు వందల ఏళ్ల కిందటి గోధుమ వెన్నులు, రై కంకులు, పొలంలోని కలుపు మొక్కలు గింజలతో సహా దొరికాయి. ఒకే కప్పులో ఎన్నో రకాల గోధుమ, అదీ మనిషి ఛాతీ దాకా పెరిగే పొడవాటి రకాలు. ఇప్పటి పొట్టి గోధుమ కప్పుకు పనికిరాదు, కోత యంత్రం కాడను నలిపేస్తుంది కూడా. అందుకే 1964లో వచ్చిన మారిస్ విజన్ లాంటి పొడుగు రకాలను కొందరు రైతులు కప్పు కోసమే ఇంకా పండిస్తున్నారు. అమ్మకానికి పెట్టిన ఇంటి అటక మీద, చేతికి అందే ఎత్తులో, ఎప్పుడో మాయమైన ఒక పొలం ఉండొచ్చు. కొత్త యజమాని తెలియక దాన్ని చెత్తబుట్టలో వేస్తే మళ్లీ రాదు.

నేల సంగతి కూడా చెప్పాలి. కార్నవాల్, డెవన్ గ్రానైట్ రాతిలోని యురేనియం నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పుట్టి ఇళ్లలోకి వస్తుంది. ఘనమీటరుకు 200 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలత) దాటితే తగ్గించుకోవాలని బ్రిటన్‌లో సిఫార్సు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలను మూడు నెలలు ఇంట్లో పెట్టి కొలుస్తారు. నేల కింద గుంట తవ్వి ఫ్యాన్‌తో గాలి లాగేస్తే చాలావరకు తగ్గుతుంది. రాతి పలకల నేలను తీసేసి ప్లాస్టిక్ పొర, కాంక్రీట్ వేస్తే మాత్రం, నేలలోంచి మెల్లగా లేచే చెమ్మ అక్కడ దారి లేక గోడల వైపు మళ్లే ప్రమాదం ఉంది. ఒక చోట మూస్తే ఇంకో చోట తేలుతుంది.

ఇలాంటి ఇళ్లలో చాలావరకు లిస్టెడ్ బిల్డింగులు, అంటే చట్టం రక్షణ ఉన్న కట్టడాల జాబితాలో చేర్చినవి. 1947 చట్టంతో మొదలైన ఈ జాబితాలో ఇంగ్లండ్‌లో సుమారు నాలుగు లక్షల నమోదులున్నాయి, వాటిలో తొంభై శాతానికి పైగా గ్రేడ్ 2, అంటే మూడు స్థాయిల్లో కిందిది. 1700కు ముందు కట్టి, చాలావరకు పాత రూపంలోనే మిగిలిన ఇల్లు దాదాపు తప్పకుండా ఇందులో ఉంటుంది. ఇంటి స్వభావాన్ని మార్చే పనికి అనుమతి లేకపోతే అది నేరం. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పును సరిచేయమని కొత్త యజమానిని అడగొచ్చు కూడా. నిబంధనలు చిరాకు పెడతాయి, నిజమే. కానీ సిమెంట్ పూతల నుంచి, ప్లాస్టిక్ కిటికీల నుంచి ఎన్నో గోడలను కాపాడింది ఈ చట్టమే. నేనైతే దాని పక్షమే.

చూడడానికి వెళ్తే ఎండ రోజున వెళ్లొద్దు, ఏజెంటు ఎంత చెప్పినా సరే. ముసురు పట్టిన రోజు ఎంచుకోండి. గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. చూరు నుంచి పడే ధార గోడకు ఎంత దూరంలో పడుతోందో, నేల మీద పడిన నీరు ఇంటి వైపు పారుతోందో పొలాల వైపు పారుతోందో చూడండి. తర్వాత లోపలికి వెళ్లి, అదే గోడ లోపలి వైపు, నేలకు జానెడు ఎత్తున, అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచండి.