వారానికి నాలుగు చాలు

చిరంజీవులారా,

చూడ్డానికొకటి, చదవడానికొకటి, ఆడుకోవడానికొకటి, వినడానికొకటి ఎంచి, వారం వారం కాగితం మీద రాసి గోడకి అంటిద్దామనుకున్నారు. బాగుంది. కానీ మీ చిత్తుప్రతిలో 23 పేర్లున్నాయి, ప్రతి పేరు పక్కనా "సూపర్, మిస్ కావొద్దు" అని ఉంది. 23 పేర్లు చూసినవాడు ఒక్కటీ ముట్టుకోడు. ఎంచుకునే బరువంతా తిరిగి వాడి నెత్తినే పెట్టారు కదా! నాలుగు చాలు. మిగతా 19 పక్కన దాచుకోండి, నెల పైన గడిచిపోతుంది.

చదివేవాడి దగ్గర ఉండేది ఓ సాయంత్రం, అందులో ఓ గంట. ఆ గంటని మీ మాట మీద ఖర్చుపెడతాడు. అతనికి కావలసినవి మూడే: ఎంతసేపు పడుతుంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, ఎవరికి నచ్చకపోవచ్చు. మూడోది రాయడానికి అందరూ జంకుతారు. "మొదటి అరగంట నిదానంగా నడుస్తుంది" అని రాయండి. పరుగులు కావాలనుకున్నవాడు తప్పుకుంటాడు, ఓపికున్నవాడు కూర్చుంటాడు, ఇద్దరూ వచ్చేవారం మళ్ళీ మీ కాగితం చూస్తారు. అందరికీ నచ్చుతుందని రాస్తే మాత్రం నచ్చనివాడు ఇంక ఇటు రాడు.

యాప్‌లు చెప్తూనే ఉన్నాయి కదా, మళ్ళీ మనమెందుకు అంటారేమో. యాప్ లెక్క వేరు. యూట్యూబ్ 2012లో ఎన్నిసార్లు నొక్కారన్నదాని కంటే ఎంతసేపు చూశారన్నదానికి ఎక్కువ తూకం ఇవ్వడం మొదలుపెట్టింది. మిమ్మల్ని లేవనివ్వకుండా కూర్చోబెట్టింది పైకొస్తుంది. అది మంచిదే కావొచ్చు, కాకపోనూవచ్చు. శాతాలతోనూ జాగ్రత్త. సినిమా సమీక్షల్ని పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటులో 90 శాతం కనిపిస్తే అది నూటికి 90 మార్కులు కాదు, పదిమంది విమర్శకుల్లో తొమ్మిదిమంది "ఫర్వాలేదు" లేదా అంతకంటే పైమాట అన్నారని. అందరూ పదికి ఆరే ఇచ్చిన సినిమాకి అక్కడ నూరు శాతం రావచ్చు. ఆ అంకె మీ కాగితం మీదికి ఎక్కించకండి.

ఇక చూడ్డం సంగతి. సినిమా తొలిరోజుల ఫ్రెంచి అన్నదమ్ములు లూమియేర్ సోదరుల రైలు చిత్రాన్ని మీలో ఒకరు ఇలా రాశారు: "చాలా పాత సినిమా. అద్భుతం. 1895లో పారిస్‌లో మొదటి ప్రదర్శనలో వేశారు. జనం భయపడి పారిపోయారు." నాలుగు వాక్యాలు, రెండు పొరపాట్లు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి పది చిన్న చిత్రాలు చూపించిన మాట నిజమే, వాటిలో ఈ రైలు లేదు. అది జనం ముందుకు వచ్చింది 1896లో. పారిపోయిన కథకి గట్టి ఆధారం లేదు. పదిమందీ చెప్పుకునే ముచ్చటే ఎక్కువగా తప్పుతుంది, రెండు చోట్ల సరిచూసుకోండి.

దాన్నే ఇలా రాయొచ్చు:

"నిడివి 50 సెకన్లు, మాటల్లేవు. లా సియోటా స్టేషన్లోకి రైలు వస్తుంది, జనం ఎక్కుతారు, దిగుతారు, అంతే. మూడుసార్లు చూడండి. మొదటిసారి రైలుని, రెండోసారి మనుషుల్ని, మూడోసారి కెమెరా ఎక్కడ పెట్టారో. రైలు దూరాన చిన్నగా మొదలై తెర అంచుకి వచ్చేసరికి ఎంతవుతుందో గమనించండి. కథ కావాలనుకునేవాళ్ళకి ఇది కాదు."

పొగడ్త ఒక్కటీ లేదు, అయినా చూడాలనిపిస్తుంది. ఎందుకంటే చూసేవాడి కంటికి పని చెప్పాం. "అద్భుతం" కంటికి ఏ పనీ చెప్పదు.

పెద్ద సినిమాల దగ్గర ఇంకో చిక్కు, కథ చెప్పేయడం. మొదటి పావు వంతు దాటి ఏమీ చెప్పకండి. "చివర్లో ఒక మలుపు ఉంది" అని కూడా వద్దు. ఆ మాట చదివినవాడు కథ వదిలేసి మలుపు కోసం కాపలా కాస్తాడు.

పుస్తకానికి ఎంతసేపు పడుతుందో ఊహించి రాయకండి, కొలవండి. గడియారం పెట్టుకుని మామూలుగా పది నిమిషాలు చదవండి. ఆరు పేజీలైతే, 180 పేజీల పుస్తకానికి 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. వారంలో రోజుకి 45 నిమిషాలు కూర్చుంటే అయిపోతుంది. మొదటి పేజీల్లో కొలవకండి, అక్కడ అందరూ నెమ్మదిగానే చదువుతారు. మధ్యలో ఎక్కడైనా కొలవండి. "47వ పేజీ చూడండి" అని రాస్తే వేరే ముద్రణ ఉన్నవాడికి అక్కడ ఇంకేదో ఉంటుంది, అందుకని అధ్యాయం పేరు రాయండి. అనువాదమైతే అనువాదకుడి పేరు తప్పనిసరి. ఒకే పుస్తకానికి రెండు అనువాదాలుంటే ఒకటి గడగడా చదివించొచ్చు, ఇంకోటి మూడో పేజీకే మూయించొచ్చు.

ఆటకి నియమాలు కూడా మీరే రాయాలి, నిడివి ఎక్కువైనా ఫర్వాలేదు. చుక్కలు-గడులు ఆట తీసుకోండి. పందొమ్మిదో శతాబ్దంలో ఎడ్వార్ లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు దీన్ని అచ్చులోకి తెచ్చాడు. కాగితం, పెన్ను, ఇద్దరు మనుషులు. నాలుగు వరసల్లో నాలుగేసి చుక్కలు పెడితే 9 గడులు, 24 గీతలు. తొమ్మిది బేసి సంఖ్య కాబట్టి ఆట సమం కాదు, ఎవరో ఒకరు గెలిచి తీరతారు. ఐదేసి చుక్కలైతే 16 గడులు, 40 గీతలు, సమం కావొచ్చు. పక్కపక్క చుక్కల్ని కలుపుతూ వంతుకొక గీత. గడికి నాలుగో గీత గీసినవాడు అందులో తన పేరు మొదటి అక్షరం వేసుకుని, వెంటనే ఇంకో గీత గీయాలి.

తగాదా వచ్చేది సరిగ్గా ఇక్కడే. గడి కట్టాక మళ్ళీ గీయడం వాడి ఇష్టమా? కాదు, గీసి తీరాలి. మరి చేతికందిన గడిని కట్టి తీరాలా? అక్కర్లేదు, వదిలేయొచ్చు. ఆట రుచంతా ఈ రెండో నియమంలో ఉంది. పక్కపక్కన నాలుగు గడులు వరసగా కట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాయనుకోండి. కొత్తవాడు నాలుగూ మింగేస్తాడు, ఆ వెంటనే గీత గీయక తప్పక ఇంకో పెద్ద వరసని ఎదుటివాడికి తెరిచిపెడతాడు. తెలిసినవాడు రెండే తీసుకుంటాడు. మిగిలిన రెండింటికీ మధ్య గీత గీయకుండా, చివరి గీత గీసి వదిలేస్తాడు. ఎదుటివాడు మధ్య గీతతో ఆ రెండూ కట్టుకుంటాడు, సంతోషమే, కానీ ఇప్పుడు గీయాల్సింది వాడే. మిగిలినవన్నీ పెద్ద వరసలే అయితే ఒకటి తెరవక తప్పదు. రెండు గడులు వదులుకుని వరసంతా లాక్కోవడమన్నమాట. ఈ ఒక్క ఎత్తూ కాగితం మీద బొమ్మ గీసి చూపించండి, మాటల్లో పెడితే సగంమందికి ఎక్కదు.

కంప్యూటర్ ఆటలకి వయసు గుర్తు చూసి రాయండి. యూరప్‌లో వాడే పెగీ గుర్తులు 3, 7, 12, 16, 18. అవి ఆటలో ఏముందో చెప్తాయి, ఆట ఎంత కష్టమో చెప్పవు. 3 గుర్తున్న ఆట పెద్దవాళ్ళకి కూడా కొరుకుడుపడకపోవచ్చు. మధ్యలో డబ్బు అడిగే ఆటైతే ఆ ముక్క మొదటి వరసలోనే రాయండి.

వినడానికి చెప్పేటప్పుడు చేతులకి పనుండొచ్చా లేదా రాయండి. కొన్ని గిన్నెలు కడుగుతూ వినొచ్చు, కొన్ని కదలకుండా కూర్చుంటేనే వినిపిస్తాయి. మాటల కార్యక్రమం గంటదైతే 1.25 వేగంతో 48 నిమిషాలు. పాటని మాత్రం వేగం పెంచి వినమని ఎవరికీ చెప్పకండి.

వేగం తప్పితే ఏమవుతుందో చూపించే మంచి ముక్క ఒకటుంది, ఈ వారానికి అదే పెట్టండి. స్కాట్ ద మార్టిన్‌విల్ అనే ఫ్రెంచి ఆయన 1860 ఏప్రిల్ 9న ఒక జానపదగేయం ముక్కని మసి పూసిన కాగితం మీద గీతలుగా పట్టాడు. వినడానికి కాదు, ధ్వని ఎలా ఉంటుందో కంటితో చూడ్డానికి. 2008లో ఆ గీతల్ని కంప్యూటర్‌తో మళ్ళీ ధ్వనిగా మార్చారు. మొదట రెట్టింపు వేగంతో వినిపించడంతో ఆడపిల్ల గొంతనుకున్నారు. తర్వాత వేగం సరిచేస్తే మగగొంతు, బహుశా ఆయనదే. రెండూ దొరుకుతాయి, వరసగా వినండి. బరబరమని ఉంటుంది, తీయగా ఉంటుందనుకుని వస్తే నిరాశే. మొత్తం నిమిషం కూడా పట్టదు.

ఇయర్‌ఫోన్లయితే ఒక హద్దు రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన వారానికి 40 గంటలు వినేట్టయితే ధ్వని పెద్దలకి 80 డెసిబెల్స్ (ధ్వని ఎంత గట్టిదో చెప్పే కొలత), పిల్లలకి 75 దాటకూడదు. ఫోన్లో డెసిబెల్స్ కనిపించకపోతే, చేతికందే దూరంలో ఉన్నవాళ్ళ మాట వినిపించేంత తగ్గించుకోమనండి.

చూశారా, రైలు, గడులు, గొంతు, మూడూ ఫ్రాన్సువే వచ్చాయి, అదీ ఒకే శతాబ్దానివి. ఇష్టమైన చోటే తవ్వితే ఇలాగే అవుతుంది. చదవడానికి పెట్టే నాలుగోది మీరు ఎంచండి, ఇంకో దేశానిది, ఈ శతాబ్దానిది.

కాగితం శుక్రవారం సాయంత్రానికే గోడ మీదుండాలి. ఆదివారం రాత్రి అంటిస్తే చూసేందుకు ఎవరికీ తీరిక ఉండదు. కింద నాలుగు గడులు గీసి పెన్సిలు వేలాడదీయండి, చూసినవాళ్ళు టిక్కు పెడతారు, మధ్యలో వదిలేసినవాళ్ళు ఎక్కడ వదిలేశారో రాస్తారు. మొదటి కాగితం తీసేశాక చింపేయకుండా నాకు పంపండి. టిక్కుల కంటే ఆ వదిలేసిన చోట్లే చూడాలనుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య