చూపు 6/6 ఉన్నా ఆ బండి ఎందుకు కనపడలేదు? కొన్ని అపోహలు - వాస్తవాలు

కర్నూలులో కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టును నేను. కొన్నేళ్ల కిందట ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. హైవే మీద అడ్డంగా వచ్చిన మోటార్‌సైకిల్‌ను గుద్దేశాడట. ఎవరి ప్రాణమూ పోలేదు, అదే పదివేలు. పరీక్ష చేస్తే రెండు కండ్లూ అద్దాలు లేకుండానే 6/6, అంటే లోపం లేని మామూలు చూపు. "కండ్లు బాగున్నాయంటున్నావు కద సార్, మరి ఆ బండి నాకెందుకు కనపడలే?" అని అడిగాడు. నిద్ర చాలక అయ్యుంటుందిలే అని చెప్పి పంపించాను. అది సరైన జవాబు కాదు. ఆయనకు ఆ రోజు చెప్పాల్సినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: చార్టులో కింది వరుస చదవగలిగితే ఎదురుగా ఉన్నదంతా స్పష్టంగా కనపడుతున్నట్టే.

వాస్తవం: చార్టు పరీక్షించేది చూపు నడిమధ్య భాగాన్నే. చెయ్యి బారచాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ వేలి వెడల్పు ఎంతో, సన్నని అక్షరాలు చదవగలిగే చూపు ఇంచుమించు అంతే, సుమారు 2 డిగ్రీలు. నమ్మకం కుదరకపోతే గోడమీది క్యాలెండర్ ముందు నిలబడండి. ఒక తేదీ మీద చూపు నిలిపి, కన్ను కదపకుండా, నాలుగు గడుల అవతల ఉన్న తిథి, నక్షత్రం చదవడానికి ప్రయత్నించండి. అక్కడేదో రాసి ఉందని తెలుస్తుంది, చదవడం మాత్రం కాదు. అన్నీ ఒకేసారి కనపడుతున్నాయని మనకు అనిపించడానికి కారణం, కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతూ ఉండటం. ఆ దూకే చోటును ఎంచుకోవడంలో పెద్ద పాత్ర మన ధ్యాసది.

అపోహ: చూపు పడితే చాలు, అదేంటో మనసుకు తెలిసిపోతుంది.

వాస్తవం: 2013లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూడండి. ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో చిన్న గడ్డలు వెతకమని స్కాన్లు చూసి రోగం చెప్పే డాక్టర్లను, అంటే రేడియాలజిస్టులను, 24 మందిని అడిగారు. ఒక స్కాన్‌లో గొరిల్లా బొమ్మను చేర్చారు. మామూలు గడ్డకు అది 48 రెట్లు పెద్దది. 20 మంది దాన్ని గమనించనే లేదు. కంటి కదలికలను కొలిచి చూస్తే, అలా గమనించని వారిలో ఎక్కువమంది చూపు నేరుగా ఆ బొమ్మ మీదే పడింది. వాళ్లు అజాగ్రత్తగా ఉన్నారని నేననను. ధ్యాసంతా గడ్డల మీద ఉంది, గడ్డ కానిది మనసుకు ఎక్కలేదు, అంతే.

ఆ లారీ డ్రైవర్ ఇంకో మాట కూడా అన్నాడు, నేనే పట్టించుకోలేదు. "ఫోన్ చేతిలో లేదు సార్, చెవిలో పెట్టుకొని ఇంటికి మాట్లాడుతున్నా." 2003లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు సిమ్యులేటర్‌లో, అంటే రోడ్డు మీద బండి నడిపినట్టే ఉండే యంత్రంలో, ఇదే పరీక్షించారు. ఫోన్ పట్టుకోకుండా మాట్లాడుతూ నడిపినవాళ్లు, తాము నేరుగా చూసిన బోర్డులను కూడా తర్వాత సరిగ్గా గుర్తుపట్టలేకపోయారు. పక్కసీట్లో మనిషితో మాట్లాడటం వేరు. ఆ మనిషికీ రోడ్డు కనపడుతుంది, ఇరుకు చోట మాట ఆపుతాడు. ఫోన్లో ఉన్నవాళ్లకు అది తెలియదు. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి డ్రైవర్‌నూ కండ్ల కంటే ముందు ఫోన్ అలవాటు అడుగుతున్నాను.

అపోహ: ఓపికగా వెతికేవాళ్ల కంట్లోంచి ఏదీ తప్పించుకోదు.

వాస్తవం: తొలకరి పడగానే మా జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి పొలాలకు వజ్రాల కోసం జనం వెళ్తారు. పొద్దుటి నుంచి వంగి వెతికి, సాయంత్రానికి కండ్లు మండుతున్నాయని మా దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. అక్కడి కష్టం కంటి మంట ఒక్కటే కాదు. వెతికే వస్తువు ఎంత అరుదైతే, ఎదురుగా ఉన్నా దాన్ని వదిలేసే అవకాశం అంత ఎక్కువ. 2005లో చూపు, ధ్యాస మీద పరిశోధనలు చేసే జెరెమీ వుల్ఫ్ బృందం, రకరకాల సామాన్లు కలగలిసి ఉన్న బొమ్మల్లో పనిముట్లు వెతికించింది. సగం బొమ్మల్లో పనిముట్టు ఉన్నప్పుడు 7 శాతం తప్పిపోయాయి. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం తప్పిపోయాయి. పదే పదే ఏమీ దొరక్కపోతే, పూర్తిగా చూడకముందే "ఇక్కడ లేదులే" అని తేల్చుకుని ముందుకు పోతాం. పత్తి చేలో గులాబీరంగు పురుగు ఇంకా తక్కువగా ఉన్న రోజుల్లో కాయలు చూసే రైతుకూ ఇదే గండం. చేనంతా ఒక్క ఊపులో తిరగకుండా, ఇన్ని మొక్కలని లెక్కపెట్టుకొని ఒక్కో కాయ చూడమని మా బంధువులకు చెబుతుంటాను.

అపోహ: నచ్చింది కాబట్టే ఎక్కువసేపు చూస్తాం.

వాస్తవం: తిరగేసినా నిజమే. ఎక్కువసేపు చూసినందువల్ల కూడా నచ్చుతుంది. 2003లో షిన్సుకే షిమోజో అనే పరిశోధకుడి బృందం రెండు ముఖాల బొమ్మలు చూపి ఏది బాగుందని అడిగింది. ఒకదాన్ని ఎక్కువసేపు, రెండోదాన్ని తక్కువసేపు చూసేలా చేస్తే, మొగ్గు ఎక్కువసేపు చూసినదాని వైపు వెళ్లింది. రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే ఈ ప్రభావం గట్టిగా పనిచేస్తుంది. తేడా కొట్టొచ్చినట్టు ఉంటే, ఎంతసేపు చూసినా పెద్దగా మారదు.

దీన్ని నేను దగ్గరగా చూసింది మా అక్క కూతురి పెళ్లి బట్టలప్పుడు. రెండు ధర్మవరం పట్టుచీరలు మిగిలాయి. కొట్టతను ఒకదాన్ని విప్పి, కొంగు పరిచి, అంచు అక్క భుజం మీద వేసి, "అక్కా, ఇది చూడండి, మీకని నేసినట్టుంది" అంటున్నాడు. రెండోది మడత మీదే పక్కన ఉంది. అక్క చూపు భుజం మీది అంచును వదలడం లేదు. "అన్నా, అది కూడా విప్పి దీని పక్కనే పరచండి" అన్నాను. రెండూ పక్కపక్కన పడ్డాక అక్క ఒకదాని నుంచి ఇంకోదానికి నాలుగైదుసార్లు చూసింది. చివరికి మడతలో ఉండిపోయిన చీరనే బిల్లు చేయించింది.