అనుమానం టీకా మీదా, చెప్పేవాళ్ల మీదా?

వ్యాక్సిన్ గురించి గవర్నమెంట్ ఏం చెప్పినా జనం నమ్మకపోవడం కోవిడ్‌తోనో వాట్సాప్‌తోనో మొదలైందనుకుంటాం గానీ ఈ గొడవ చాలా పాతది. ఇంగ్లండ్‌లో 1853లో పసిపిల్లలకి మశూచి టీకా కంపల్సరీ చేశారు, వేయించకపోతే ఫైన్. నచ్చజెప్పడం తక్కువ, బెదిరింపు ఎక్కువ. 1885లో లెస్టర్‌లో వేలమంది రోడ్డెక్కారు, చివరికి 1898లో మనసొప్పని తల్లిదండ్రులకి మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది. రియో డి జనీరోలో 1904లో ఇదే కంపల్సరీ మీద ఏకంగా అల్లర్లే జరిగాయి.

నన్ను బాగా ఆలోచింపజేసేవి మాత్రం అమెరికాలో జరిగిన రెండు సంగతులు. 1955 ఏప్రిల్ 12న సాల్క్ అనే సైంటిస్టు కనిపెట్టిన పోలియో టీకా సేఫ్ అని ప్రకటించారు, జనం పండగ చేసుకున్నారు, కొన్ని వారాల్లోనే కటర్ ల్యాబ్ తయారుచేసిన టీకాల్లో బతికున్న వైరస్ ఉందని తేలింది, దాదాపు 200 మందికి పక్షవాతం, 10 మంది చనిపోయారు. ఇంతకన్నా ఘోరం ఇంకేముంటుంది చెప్పండి. అయినా మే నెలలో ప్రోగ్రాం మొత్తం ఆపేసి, తయారీలో తప్పెక్కడుందో వెతికి, టెస్టులు గట్టి చేసి మళ్లీ మొదలుపెడితే జనం తిరిగొచ్చారు.

1976లో స్వైన్ ఫ్లూ. ఫోర్ట్ డిక్స్ ఆర్మీ క్యాంపులో ఒక సైనికుడు దాంతో చనిపోయాడు, మార్చిలో ప్రెసిడెంట్ ఫోర్డ్ టీవీలోకొచ్చి దేశంలో ప్రతి ఒక్కరికీ టీకా అన్నాడు. ఆ ఫ్లూ దేశంలో అసలు వ్యాపించనేలేదు. 4 కోట్లకి పైగా జనం వేయించుకున్నాక, లక్షమందిలో ఒకరికి అదనంగా గులియన్ బారీ అనే నరాల జబ్బు వచ్చిందని తేలి డిసెంబర్‌లో ఆపేశారు. రిస్క్ 1955తో పోలిస్తే చిన్నదే, పరువు మాత్రం చాలా పోయింది, ఎందుకంటే ఫ్లూ రావచ్చు రాకపోవచ్చు, రాకపోతే ఇలా చేస్తాం అన్న మాట ముందు ఎవరూ గట్టిగా చెప్పలేదు.

బ్రిటన్‌లో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకి కలిపి వేసే టీకా) వల్ల పిల్లలకి ఆటిజం వస్తుందన్న గొడవప్పుడూ అంతే, టీకా సేఫ్ అని గవర్నమెంట్ చెప్తూనే ఉంది, 2001లో ప్రధాని బ్లెయిర్ మాత్రం తన కొడుక్కి వేయించాడో లేదో చెప్పనన్నాడు. పర్సనల్ విషయమే, ఒప్పుకుంటా, కానీ వినే తల్లికి ఆ మౌనమే సమాధానంలా వినపడుతుంది కదా.

2021 ఏప్రిల్‌లో డెన్మార్క్ ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా ఆపేసింది. టీకా పనిచేస్తుంది, కానీ అరుదుగా రక్తం గడ్డకడుతోంది, మా దగ్గర వేరే టీకాలున్నాయి, కేసులు అదుపులో ఉన్నాయి, అందుకే ఆపుతున్నాం అని ఉన్నదున్నట్టు చెప్పారు. సెప్టెంబర్ కల్లా అక్కడ 12 ఏళ్లు దాటినవాళ్లలో 80 శాతానికి పైగా పూర్తి డోసులు వేయించుకున్నారు.